ప్రవణత పదార్థాలు: సెండైకి ముందు

స్నాయుబంధకం ఎముకలో కలిసే చోట ఖనిజాంశం ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఒక కొస నుంచి మరో కొసకు గుణం ఇలా క్రమంగా మారడమే ప్రవణత. దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేయడానికీ, ప్రయోగశాలలో దాని నమూనాను నిర్మించడానికీ ఈ వాలును అనుకరించే పదార్థాలు ఇప్పుడు విరివిగా తయారవుతున్నాయి. వీటి చరిత్రను 1984లో జపాన్‌లోని సెండైలో, అంతరిక్ష విమానానికి వేడిని తట్టుకునే గోడ కోసం, ఒక ముఖం పింగాణీగా మరో ముఖం లోహంగా ఉండే పదార్థాన్ని తలపెట్టిన నాటి నుంచి మొదలుపెట్టడం రివాజు.

ఇది ఇంజనీర్లు గీసుకున్న వంశవృక్షం. అందులో ప్రవణతకు ఉన్న పని అతుకు దగ్గర ఒత్తిడిని తగ్గించడమే. జీవకణానికి మాత్రం అది దిక్కు చూపుతుంది. ఆ సంగతిని 1960ల నడుమే ఎస్.బి. కార్టర్ కృత్రిమ ఉపరితలం మీద చూపాడు. కణాలు అంతగా అంటుకోని సెల్యులోజ్ అసిటేట్ మీద, ఆవిరి చేసిన పల్లాడియం లోహాన్ని ఒకవైపు పలుచగా, మరోవైపు కాస్త మందంగా పడేట్టు పూసి, సంధాయక కణజాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్టులను దానిపై వదిలితే, అవి లోహం మందంగా ఉన్న వైపుకే పాకాయి. హాప్టోటాక్సిస్ అని పిలిచిన ఈ ప్రభావంతోనే కణాల కదలిక యావత్తునూ వివరించబోవడం ఆయన అత్యుత్సాహమే కావచ్చు. అయినా ప్రవణతను తయారుచేసి కణం ఎదుట పెట్టే పద్ధతి అప్పటికే ఉందన్నది కాదనలేనిది. 1969లో వోల్పర్ట్, పిండంలోని కణం రసాయన గాఢత వాలును బట్టి తన స్థానాన్ని గుర్తిస్తుందన్న ఊహకు స్పష్టమైన రూపమిచ్చాడు. 2000లో యూ-లీ వాంగ్ బృందం, పాలీఅక్రిలమైడ్ జెల్ మీద కణాలు మెత్తని వైపు నుంచి గట్టి వైపుకు మళ్లుతాయని చూపింది. ఈ వరుసలో సెండైకి చోటు లేదు. అలాగని జపాన్ పాత్రను కొట్టిపారేయడం తగదు: టైటానియం నుంచి ఎముక ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్‌కు క్రమంగా మారే, హొక్కైడోలో వతారి బృందం చేసిన దంత ఇంప్లాంట్లు నేరుగా ఆ సంతతివే.

ఈ రెండు పాయలు ఇప్పటికీ సరిగా కలవలేదు. మోకాలి మృదులాస్థితో పాటు దాని కింది ఎముకకూ కలిగే లోపాల కోసం ఇటలీలో రూపొందిన మయోరీజెన్‌లో పై పొర అంతా కొల్లాజెన్. నడిమి పొరలో ఖనిజం 40 శాతం, అడుగు పొరలో 70 శాతం. శస్త్రచికిత్స గది దాకా చేరినందుకు దాన్ని గౌరవించవలసిందే గానీ, మూడు మెట్లను వాలు అనడం ఉదారత్వమే. ప్రయోగశాల నమూనాల లోపం వేరు: జెల్‌ను గట్టిపరచడానికి అణువుల మధ్య అడ్డబంధాలను పెంచితే రంధ్రాల పరిమాణమూ మారుతుంది కనుక, కణం దేనికి స్పందించిందో తేలదు. జెల్‌లో కట్టిపడేయని ప్రోటీన్ వ్యాపించి సమమైపోతుంది. అయినా తయారైన నాటి వాలును చిత్రించినంత శ్రద్ధగా, శరీరంలో పెట్టాక అది ఎన్నాళ్లు నిలిచిందో కొలిచే వ్యాసాలు తక్కువ.