ఎక్కడ నిలబెట్టినా...

మొన్న ఆదివారం మా మనవడు కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ముద్దపప్పు, ఆవకాయ, పైన యింత వెన్న వేసినా వాడి మొహంలో వెలుగు రాలేదు. "ఏమిట్రా?" అంటే పలకడు. చివరికి మా కోడలు చెప్పింది. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో వీడు యిన్నాళ్లూ ముందు వరుసలో ఆడుతూ గోల్స్ కొడుతున్నాడు. వెనక వరుసలో ఆడే కుర్రాడికి కాలు బెణికిందని, డ్రిల్లు మాస్టారు వీణ్ణి తీసుకెళ్లి అక్కడ నిలబెట్టారట.

"వెనకాల నిలబడితే ఎవరు చూస్తారు బామ్మా? గోల్ కొట్టినవాడికే గదా చప్పట్లు!" అన్నాడు వాడు, కళ్లనీళ్ల పర్యంతమై.

నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. వాడన్నదాంట్లో అబద్ధం మాత్రం ఏముంది? పెళ్లింట్లో పీటల మీద కూర్చున్న వాళ్లకే ఫోటోలు. గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కేవాళ్లని ఎవరు తీస్తారు? అయినా వూరుకోబుద్ధి కాక, "ఒక జపాన్ ఆయన కథ చెబుతాను, వింటూ తిను" అన్నాను.

ఈవిడకి ఫుట్‌బాల్ గురించి ఏం తెలుసని మీరు అనుకుంటారేమో. మావారికి ఆ ఆటంటే ప్రాణం. కాపురానికి వచ్చిన కొత్తలో విసుక్కునేదాన్ని. తరవాత తరవాత, విననట్టు నటిస్తూనే వినడం అలవాటైంది. ఆయన చెప్పిన కబుర్లే యివాళ నాకిలా పనికొచ్చాయి.

ఆ జపాన్ ఆయన పేరు యసుహికో ఒకుదెరా. 1952లో జపాన్ ఉత్తరాన, వరికీ మంచుకీ పేరుపడ్డ అకితా ప్రాంతంలో పుట్టాడు. యొకొహామాలో పెరిగాడు. చదువయ్యాక 1970లో ఫురుకావా ఎలక్ట్రిక్ అనే కంపెనీలో చేరాడు. కరెంటు తీగలు, కేబుళ్లు తయారుచేసే కంపెనీ అది. ఆటగాడికి తీగల కంపెనీలో ఏం పని అంటారా? ఆ రోజుల్లో జపాన్‌లో ఫుట్‌బాల్ ఆడి పొట్టపోసుకునే వీలు లేదు. 1965లో వాళ్లు పెట్టుకున్న లీగులో ఆడినవన్నీ కంపెనీల జట్లే. ఆటగాళ్లు పేరుకి ఉద్యోగులు. జీతం ఉద్యోగానికి, ఆట అభిమానానికి. మన హైదరాబాదులో పోలీసు జట్టు వుండేది చూడండి, అలాగన్నమాట.

హైదరాబాదు పేరు ఎత్తాను గనక ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం జపాన్‌ని రెండు గోల్స్‌తో ఓడించింది. ఆ జట్టుకి శిక్షణ యిచ్చింది మన హైదరాబాదు రహీం సాహెబే. కొరియాతో జరిగిన చివరి ఆటలో ఆయన ఓ విచిత్రం చేశాడు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని, ఎప్పుడూ వెనక కాపలా కాసేవాణ్ణి, ముందు వరుసలోకి పంపాడు. అతను గోల్ కొట్టాడు. బంగారు పతకం మనకి వచ్చింది. మనిషిని ఒకచోటు నుంచి మరోచోటికి మార్చడం శిక్ష కాదనీ, ఒక్కోసారి అదే జట్టుని గట్టెక్కిస్తుందనీ అప్పుడే తేలిపోయింది. ఆ తరవాత మన ఫుట్‌బాల్ ఎక్కడ ఆగిందో, జపాన్ ఎక్కడికి పోయిందో తలుచుకుంటే నిట్టూర్పే మిగులుతుంది.

ఆ జపాన్ కూడా నల్లేరు మీద బండిలా ఏం పోలేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చుకుని, తరవాత చతికిలబడింది. 1972లోనూ 1976లోనూ ఒలింపిక్స్ గడపే తొక్కలేదు. అలాంటి రోజుల్లో కంపెనీ చొరవతో ఒకుదెరా 1976లో బ్రెజిల్ వెళ్లి, పల్మీరాస్ అనే పెద్ద క్లబ్బులో కొన్నాళ్లు ఆట నేర్చుకొచ్చాడు. ఆ ఏడాది ఫురుకావా జట్టే లీగు గెలిచింది.

మరుసటి ఏడు, 1977 వేసవిలో, జపాన్ జట్టు అభ్యాసం కోసం జర్మనీ వెళ్లింది. అక్కడ కొలోన్ నగరం క్లబ్బువాళ్లు యితన్ని చూశారు. మన చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డకి రాసేవారే ఓడికొలోన్, ఆ సీసా పేరులో వున్న కొలోన్ యిదే. క్లబ్బు శిక్షకుడు హెన్నెస్ వైస్‌వైలర్. మహా కఠినుడని పేరు. ఎడమవైపు వేగంగా పరుగెత్తే మనిషి కోసం వెతుకుతున్న ఆయన కంట్లో ఒకుదెరా పడ్డాడు. "మా జట్టులో చేరతావా?" అన్నాడు.

ఎగిరి గంతేశాడనుకున్నారా? లేదు, వెనకాడాడు. ఎందుకు వెనకాడడు చెప్పండి! జపాన్‌లో ఆ రోజుల్లో కంపెనీలో చేరితే రిటైరయ్యే దాకా దిగులు లేదు. ఆ నీడ వదిలి భాష రాని దేశానికి పోవాలి. రాణిస్తే సరే, లేకపోతే ఏం గాను? అతనికి ముందు ఆ దారిన వెళ్లిన జపానీయుడు ఒక్కడంటే ఒక్కడు లేడు, అడిగి తెలుసుకుందామంటే. చివరికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో కొలోన్ జట్టు తరఫున మైదానంలో అడుగుపెట్టాడు. జర్మనీ మొదటి శ్రేణి లీగులో ఆడిన తొలి జపానీయుడు అతనే. అప్పటికి వయసు యిరవై అయిదు.

కొత్త కాపురం కుదుటపడడానికి కాస్త సమయం పడుతుంది గదా. లీగులో మొదటి గోల్ కొట్టేసరికి మరుసటి ఏప్రిల్ వచ్చింది. ఆ నెలాఖరున, 1978 ఏప్రిల్ 29న, లీగు చివరి రోజు. కొలోన్, గ్లాడ్‌బాక్ జట్లకి పాయింట్లు సమానం. అలాంటప్పుడు కొట్టిన గోల్స్ లోంచి తిన్న గోల్స్ తీసేసి, ఎవరి లెక్క పెద్దదయితే వాళ్లే విజేతలు. ఆ లెక్కలో కొలోన్ పది గోల్స్ ముందుంది గనక నిశ్చింతగా వుండాల్సింది. కానీ గ్లాడ్‌బాక్ ఆ రోజు పూనకం వచ్చినట్టు ఆడి ఒక్క ఆటలో పన్నెండు గోల్స్ కొట్టింది! అవతల హాంబర్గ్‌లో కొలోన్ అయిదు కొట్టింది. అందులో రెండు ఒకుదెరావి. చివరికి మూడే మూడు గోల్స్ తేడాతో కొలోన్ గెలిచింది. ఆ ఏడాది జర్మన్ కప్పు కూడా వాళ్లదే.

మరుసటి ఏడు 1979 ఏప్రిల్‌లో యూరప్ ఛాంపియన్ల పోటీ సెమీ ఫైనల్. ఇంగ్లండులో నాటింగ్‌హాం ఫారెస్ట్ మీద ఆట. కొలోన్ 2-3తో వెనకబడి వుంది. పది నిమిషాలే మిగిలాయి. అప్పుడు బయట కూర్చున్న ఒకుదెరాని దింపారు. దిగిన కాసేపటికే గోల్ కొట్టి లెక్క సమానం చేశాడు. రెండో ఆటలో కొలోన్ ఓడిపోయిందనుకోండి. అయినా చివరి నిమిషంలో పిలిచినా తడబడని మనిషని పేరు మిగిలింది.

"చూశావా, గోల్ కొట్టాడు గనకే పేరొచ్చింది" అన్నాడు మనవడు.

"ఆగరా, అసలు కథ యిక ముందుంది" అన్నాను.

1980లో వైస్‌వైలర్ అమెరికా వెళ్లిపోయాడు. కొత్త శిక్షకుడు వచ్చాడు. అత్తగారు మారితే కోడలి కథ మారినట్టు, ఒకుదెరా జట్టులో వున్నా ఆటలో లేనట్టయింది. దేశం కాని దేశంలో బెంచీ మీద కూర్చోవడమంటే ఏమిటో ఆలోచించండి. చప్పట్లు కొట్టిన జనమే కళ్ల ముందు వుంటారు, మనల్ని మాత్రం చూడరు. అతను బెర్లిన్‌లో హెర్తా జట్టుకి వెళ్లాడు. ఆ జట్టు అప్పుడు రెండో శ్రేణిలో వుంది. యూరప్ పోటీల దీపాల వెలుగులోంచి, గోడ మధ్యన బతికే నగరంలో రెండో శ్రేణి ఆటలోకి! యింటికి తిరిగి వెళ్లిపోవడానికి అంతకన్నా మంచి సాకు ఏం కావాలి? అతను వెళ్లలేదు.

1981లో వెర్డర్ బ్రెమెన్ క్లబ్బు పిలిచింది. యజమానులు యిక పనికిరావని తరిమేసిన గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు కలిసి బ్రెమెన్‌కి ప్రయాణం కట్టిన గ్రిమ్ సోదరుల కథ మీలో కొందరు పిల్లలకి చెప్పే వుంటారు. ఆ బ్రెమెన్ యిదే. అక్కడి శిక్షకుడు ఒట్టో రేహాగెల్ యితన్ని వెనక వరుసలో, ఎడమ పక్కన నిలబెట్టాడు. చిన్నప్పటి నుంచీ ముందుకి పరుగెత్తి గోల్ కొట్టడం నేర్చుకున్నవాడు, యిప్పుడు ఎదుటివాడు గోల్ కొట్టకుండా కాపలా కాయాలి. సందు దొరికితే ముందుకి పరుగెత్తి బంతి అందించాలి. ప్రమాదం వస్తే మళ్లీ అంతదూరం వెనక్కి పరుగెత్తాలి. వెనకా, మధ్యా, ముందూ ఎక్కడ ఖాళీ వుంటే అక్కడ. వంటింట్లో పోపు మాడకుండా చూస్తూ, వీధి తలుపు చప్పుడు వింటూ, పిల్లవాడి చేత ఎక్కాలు వల్లె వేయించే మనలాంటి వాళ్లకి ఆ పని వివరించనక్కరలేదు.

మొహం మాడ్చుకుని చేస్తే ఎవరైనా నాలుగు రోజుల్లో పట్టేస్తారు. అతను అది నిజంగానే తన చోటు చేసుకున్నాడు. కొలోన్‌లో డెబ్భై అయిదు లీగు ఆటల్లో పదిహేను గోల్స్ కొట్టినవాడు, బ్రెమెన్‌లో నూట యాభై తొమ్మిది ఆటల్లో కొట్టింది పదకొండు. గోల్స్ తగ్గాయి, ఆటలు పెరిగాయి. తప్పు చేయడని, లెక్క తప్పడని అతన్ని "తూర్పు దేశపు కంప్యూటర్" అన్నారు. మనిషిని యంత్రంతో పోల్చడం నాకు అంతగా నచ్చలేదు గానీ, వాళ్లు మెచ్చుకోలుగానే అన్నారు.

అదృష్టం చూడండి, ఎంత చిత్రమైందో! 1978లో గోల్స్ లెక్క మీద అతనికి విజయం దక్కింది. బ్రెమెన్‌లో 1983లోనూ, 1986లోనూ పాయింట్లు సమానమై, అదే లెక్క మీద రెండుసార్లూ చేజారింది. 1985లోనూ రెండో స్థానమే. 1986 ఏప్రిల్‌లో బయర్న్ జట్టు మీద ఆట ముగియబోతుండగా బ్రెమెన్‌కి పెనాల్టీ దొరికింది. అది గోల్ అయితే లీగు వాళ్లదే. కొట్టినవాడు మంచి గురిగలవాడే, కానీ బంతి పోయి స్తంభానికి తగిలింది! నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవడమంటే అదే.

మొత్తం మీద జర్మనీ మొదటి శ్రేణిలో ఒకుదెరా ఆడినవి 234 ఆటలు. ఆ తొమ్మిదేళ్లూ తన దేశపు జట్టులో మాత్రం ఆడలేదు. ఒకటి దొరకాలంటే ఒకటి వదులుకోవాలి కాబోలు.

1986లో యింటికి తిరిగొచ్చాడు, ఆ పాత ఫురుకావా జట్టుకే. కానీ వచ్చినవాడు కంపెనీ ఉద్యోగి కాదు, ఆటే వృత్తిగా పెట్టుకున్నవాడు. జపాన్ ఫుట్‌బాల్ సంఘం ఆ ఏడాదే ప్రత్యేకమైన ఏర్పాటు చేసి, అతన్నీ, కజుషి కిమురా అనే మరో ఆటగాణ్ణీ దేశంలో మొదటి వృత్తి ఆటగాళ్లుగా గుర్తించింది. ఆ ఏటి ఆసియా క్లబ్బుల పోటీ ఫురుకావా గెలిచింది. జపాన్ క్లబ్బు అది గెలవడం అదే మొదలు. దేశం జట్టులోకి కూడా మళ్లీ తీసుకున్నారు. 1987 అక్టోబరులో టోక్యోలో చైనా చేతిలో ఓడి ఒలింపిక్స్ అవకాశం పోగొట్టుకున్న జట్టులో అతనూ వున్నాడు. 1988లో ఆట విరమించాడు.

విరమించాక కూడా ఒకచోట కూర్చోలేదు. 1993లో జపాన్‌లో వృత్తి లీగు మొదలైంది. ఫురుకావా జట్టు జెఫ్ యునైటెడ్‌గా మారింది. 1996లో దానికి శిక్షకుడయ్యాడు. తరవాత యొకొహామాలో ఒక క్లబ్బుని మరో క్లబ్బులో కలిపేస్తే, కడుపు మండిన అభిమానులే చందాలు వేసుకుని 1999లో యొకొహామా ఎఫ్.సి. పెట్టుకున్నారు. ఆ పసికందుని పెంచే బాధ్యత తీసుకున్నవాళ్లలో ఒకుదెరా ఒకడు. దాని తొలి శిక్షకుడు లిట్‌బార్‌స్కీ, కొలోన్‌లో అతనితో కలిసి ఆడినవాడే. 2014లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య మొదటిసారి మేటి ఆటగాళ్లని ఎంచి గౌరవించినప్పుడు అందులో ఒకుదెరా వున్నాడు, మన బైచుంగ్ భూటియా వున్నాడు, జపాన్ ఆడవాళ్ల జట్టు నాయకురాలు హొమారె సవా కూడా వుంది.

అతని 234 ఆటల లెక్కని దాటడానికి మరో జపానీయుడికి 2017 దాకా పట్టింది. ఆ మకోతో హసెబే కూడా యిలాంటి సవ్యసాచే. మధ్య వరుసలో ఆడాడు, వెనక ఆడాడు. 2011లో ఒకసారి గోల్‌కీపర్ని బయటికి పంపేస్తే, చేతులకి తొడుగులు వేసుకుని గోల్ ముందు కూడా నిలబడ్డాడు! 2022 ప్రపంచ కప్పులో జపాన్ జర్మనీనే ఓడించింది. రెండు గోల్సూ కొట్టిన యిద్దరూ అప్పటికి జర్మనీ క్లబ్బుల్లో ఆడుతున్నవాళ్లే. 1977లో ఒక్కడు వెనకాడుతూ తొక్కిన దారి అది.

కథ అయిపోయింది. మనవడు ఎప్పుడు తిన్నాడో గానీ కంచం ఖాళీ అయింది. కాసేపు ఆలోచించి, "వెనక వరుసలో ఆడినవే ఎక్కువ ఆటలన్నమాట" అన్నాడు.

"అవును. ముందు వరుసలో మెరిశాడు, వెనక వరుసలో నిలిచాడు" అన్నాను, నా మాటకి నేనే మురిసిపోతూ.

అంతవరకూ నిలబడి మజ్జిగ పోస్తున్న కోడలు అప్పుడంది: "బాగానే వుంది అత్తయ్యా. ఆయన్ని ఎక్కడ నిలబెట్టినా ఎన్ని ఆటలు ఆడాడో రాసిపెట్టారు. జీతమూ యిచ్చారు. ఆ లెక్క వుండబట్టే గదా యిన్నేళ్ల తరవాత మీరు చెప్పగలుగుతున్నారు!"

నాకు జవాబు తోచలేదు. నలభై ఏళ్ల కాపురంలో నేను ఏ వరుసలో ఎన్ని రోజులు నిలబడ్డానో ఎవరు రాశారు? మా అత్తగారు నిలబడిన రోజులు నేనైనా రాశానా? పిల్ల పొద్దున్నే వండి, ఆఫీసుకి వెళ్లి, వచ్చి, యిదిగో మళ్లీ మజ్జిగ గిన్నెతో నిలబడి వుంది. ఆకలేసిందో లేదో ఒక్కరమూ అడగలేదు. వెనక వరుస గొప్పదని ఉపన్యాసం యిస్తున్నదాన్ని, నా యింటి వెనక వరుసని చూడనే లేదు.

"నువ్వు కూర్చో అమ్మా, నేను వడ్డిస్తాను" అన్నాను.

మనవడు లేచి, తన కంచం తనే తీసుకెళ్లి పెరట్లో కడిగి బోర్లించాడు. తిరిగొచ్చి వాళ్లమ్మకి పీట వేశాడు.

సోమవారం సాయంత్రం ఆటకి వెళ్లి వచ్చాడు. ఎక్కడ ఆడావని నేను అడగలేదు. "ఇవాళ మా మీద ఒక్క గోల్ కూడా పడలేదు బామ్మా!" అన్నాడు, గుమ్మంలోంచే.