ఎండోకార్డైటిస్

ఎండోకార్డైటిస్ అనగా గుండె లోపలి పొరకు, ముఖ్యంగా గుండె కవాటాలకు, సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధి. 1885లో విలియం ఆస్లర్ లండనులో ఇచ్చిన ఉపన్యాసాలలో దీనిని విపులంగా వర్ణించాడు. 1940లలో పెన్సిలిన్ వాడుకలోకి వచ్చేవరకు రోగులు దాదాపు అందరూ మరణించేవారు.

కారణాలు

స్ట్రెప్టోకాకస్, స్టాఫిలోకాకస్ జాతుల బాక్టీరియాలు ముఖ్య కారణాలు. చిగుళ్ళ వ్యాధి, చర్మపు పుండ్ల ద్వారా ఇవి రక్తంలో చేరి, చెడిన కవాటాలపైన గాని, కృత్రిమ కవాటాలపైన గాని గడ్డలుగా పెరుగుతాయి. భారతదేశంలో రుమాటిక్ జ్వరం వలన కవాటాలు దెబ్బతిన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. గడ్డల ముక్కలు విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చును.

వ్యాధి నిర్ధారణ

విడువని జ్వరం, నీరసం, ఆయాసం ప్రధాన లక్షణాలు. రక్తాన్ని వేర్వేరు చోట్ల నుండి కనీసం మూడుసార్లు తీసి కల్చర్ పరీక్ష చేస్తారు. యాంటీబయాటిక్ మందులు మొదలుపెట్టక ముందే రక్తం తీయాలి. కారణం తెలియని జ్వరానికి ముందే ఈ మందులు వాడినచో, కల్చర్‌లో సూక్ష్మజీవి పెరగక అసలు వ్యాధి మరుగున పడవచ్చును. కవాటాలపై గడ్డలను ఎకోకార్డియోగ్రామ్ ద్వారా గుర్తిస్తారు.

చికిత్స

సాధారణంగా 4 నుండి 6 వారాలు యాంటీబయాటిక్ మందులను సిరల ద్వారా ఎక్కిస్తారు. కవాటం బాగా చెడినచో శస్త్రచికిత్స అవసరం. కృత్రిమ కవాటాలున్నవారు పన్ను తీయించుకునే ముందు ఆ సంగతి దంతవైద్యునికి తెలపాలి.