వాకర్-స్మిత్, జాన్

జాన్ వాకర్-స్మిత్ పిల్లల జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు. 1936లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టి, అక్కడే వైద్యం చదివి, 1970ల మొదట్లో లండన్ చేరారు. ఆయన పేరు ఇప్పుడు ఎక్కువగా వినిపించేది 1998లో లాన్సెట్ పత్రిక ప్రచురించి, 2010లో ఉపసంహరించిన ఒక వ్యాసం కారణంగానే. ఆ వ్యాసం చెప్పింది నిజమా అన్నది ఒక ప్రశ్న. అందులోని పిల్లల విషయంలో వైద్యుడిగా ఆయన తప్పు చేశారా అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా చూసినవారు ఆయనను నిందించడంలోనూ పొరబడ్డారు, వెనకేసుకు రావడంలోనూ పొరబడ్డారు.

తూర్పు లండన్‌లోని హాక్నీలో ఉన్న క్వీన్ ఎలిజబెత్ పిల్లల ఆసుపత్రిలో ఆయన కృషి ఎక్కువగా సాగింది. విరేచనాలు తగ్గినా కోలుకోని పసివాళ్లు, ఆవుపాలు పడని పిల్లలు, గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ రోగులు ఆయన అధ్యయనంలో ముఖ్యులు. లక్షణాలను బట్టి ఊహించడం చాలదని, పేగు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలని నమ్మిన తరం ఆయనది. 1975లో వెలువడిన ఆయన గ్రంథం పిల్లల చిన్నపేగు వ్యాధుల గురించే. అంతమాత్రాన పిల్లలను పరీక్షలతో వేధించే వైద్యుడనుకోకూడదు. సీలియాక్ నిర్ధారణకు అంతకుముందు మూడుసార్లు బయాప్సీ చేసేవారు. చాలామంది పిల్లలకు మొదటి బయాప్సీ, గ్లూటెన్ మానాక స్పష్టంగా కోలుకోవడం చాలునన్న 1990 నాటి ఐరోపా సవరణ పత్రానికి మొదటి రచయిత ఆయనే. పిల్లలకు ఎంతో మేలు చేసిన మార్పు అది.

1995లో తన బృందంతో హాంప్‌స్టెడ్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రికి మారారు. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అప్పటికే అక్కడ పరిశోధకుడు. 1998 ఫిబ్రవరి నాటి వ్యాసంలో ఉన్నది 12 మంది పిల్లలు, 13 మంది రచయితలు. రచయితల వరుసలో వేక్‌ఫీల్డ్ మొదట, వాకర్-స్మిత్ చివర. ఎనిమిది మంది విషయంలో ఆటిజం వంటి ప్రవర్తన మార్పులను తల్లిదండ్రులు లేదా వైద్యులు తట్టు, గవదబిళ్లలు, రూబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాతో ముడిపెట్టారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో టీకా వేయించే వారి శాతం 80 దాకా పడిపోయింది. 2002లో డెన్మార్క్ పరిశోధకులు 5,37,303 మంది పిల్లల వివరాలు పరిశీలిస్తే టీకాకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. వేక్‌ఫీల్డ్ పరిశోధనకు టీకా తయారీదారులపై దావాల కోసం కేటాయించిన న్యాయసహాయ నిధి అందిన సంగతి 2004లో పాత్రికేయుడు బ్రయాన్ డీర్ బయటపెట్టారు. అదే ఏడు మార్చిలో టీకాకు సంబంధించిన వ్యాఖ్యానాన్ని వెనక్కి తీసుకుంటూ పదిమంది రచయితలు సంతకం చేశారు. వారిలో వాకర్-స్మిత్ ఉన్నారు, వేక్‌ఫీల్డ్ లేరు.

బ్రిటన్‌లో వైద్యులను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ విచారణ 2007 జూలైలో మొదలై, 217 రోజులు కూర్చుని, 2010 మే 24న ముగిసింది. సురేంద్ర కుమార్ అధ్యక్షతన ఉన్న ప్యానెల్ వేక్‌ఫీల్డ్, వాకర్-స్మిత్ ఇద్దరి పేర్లనూ వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించింది. విచారణ ఎదుర్కొన్న మూడో వైద్యుడు సైమన్ మర్చ్‌ను నిర్దోషిగా వదిలింది. వాకర్-స్మిత్‌కు అప్పుడు 73 ఏళ్లు. పిల్లలకు చేసిన కొలనోస్కోపీ, వెన్నునీరు తీసే పరీక్షలు చికిత్స కోసం కావని, నైతిక సంఘం అనుమతి లేని పరిశోధన అని ఆయనపై ప్రధాన ఆరోపణ. ఆయన జవాబు ఒక్కటే: ఆ పిల్లలకు పేగు బాధలున్నాయి, కారణం తెలిస్తే మందు ఇవ్వవచ్చు. 2012 మార్చి 7న హైకోర్టు న్యాయమూర్తి మిటింగ్ వాకర్-స్మిత్‌పై శిక్షను కొట్టేశారు. వైద్యుడి ఉద్దేశం చికిత్సా, పరిశోధనా అన్న కీలక ప్రశ్నను ప్యానెల్ సరిగా తేల్చలేదని, దాని తర్కం పైపైనే సాగిందని, కొన్నిచోట్ల నిర్ణయమే తప్పని ఆయన తీర్పు.

ఇది సాంకేతిక కారణాలతో దక్కిన విడుదల అనేవారున్నారు. న్యాయమూర్తి ఒక్కొక్క బిడ్డ రికార్డునూ విడివిడిగా పరిశీలించారు కాబట్టి ఆ మాట నిలవదు. చికిత్సే అయితే దాన్ని పత్రికకెందుకు ఎక్కించారన్న ప్రశ్న ఇంకా బలమైనది. అయితే చూసిన రోగుల వివరాలు రాసి ప్రచురించడం వైద్యంలో పాత ఆనవాయితీ, తర్వాత రాసినందుకు ముందు చేసిన చికిత్స పరిశోధనగా మారదు. టీకా వ్యతిరేకులు మాత్రం ఈ తీర్పును వ్యాసానికే దొరికిన విముక్తిగా చాటుతున్నారు. తీర్పు అలా అనలేదు. పరీక్షలకు నైతిక సంఘం ఆమోదం ఉందన్న వ్యాసంలోని వాక్యం అసత్యమని అందులోనే ఉంది. టీకాపై వేక్‌ఫీల్డ్ ఊహను గౌరవనీయమైన వైద్యవర్గమేదీ సమర్థించడం లేదనీ ఉంది. చివరి రచయితగా ఆ వాక్యం కింద తన పేరు ఉండనిచ్చిన బాధ్యత వాకర్-స్మిత్‌ది. రోగులను పరిశోధన వస్తువులుగా వాడుకున్నారన్న నింద మాత్రం ఆయనపై రుజువు కాలేదు. హైకోర్టు తీర్పుతో ఆయన పేరుపై పడిన వేటు రద్దయింది. వేక్‌ఫీల్డ్ పేరు రిజిస్టరులోకి తిరిగి రాలేదు, లాన్సెట్ తన ఉపసంహరణను మార్చుకోలేదు.