ఆగినచోటినుండి సాగించుట



నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమును తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. అరణ్యశేషమును పిదప ఎఱ్ఱన పూరించెను. కంప్యూటరు లోకమునను ఇట్టి కథ యొకటి కలదు.

టెలిఫోను తీగపై ఇంటర్నెట్టు నడచిన దినములలో, ఒక పెద్ద ఫైలును దింపుకొనుటకై నేనొక రాత్రియెల్ల మేలుకొంటిని. తెల్లవాఱుచుండగా లైను తెగెను. నా సాధనము మరల మొదటికే పోయెను. చెల్లించిన రుసుము తిరిగి రాలేదు.

దీనికి మందు మునుపే కలదు. 1985నాటి ఎఫ్‌టీపీ నిబంధనలలో నడుమనుండి పునరారంభించు ఆజ్ఞ యుండెను. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నిబంధనలు, ఫలానా బైటునుండి పంపుమని కోరు పద్ధతిని చేర్చెను. సమ్మతించిన సర్వరు 206 అను సంఖ్యతో బదులిచ్చును. 200 అని వచ్చినచో మొదటినుండి పంపుచున్నదని యర్థము.

కావున ఒక సాధనము విడిచిన పనిని వేఱొకటి అందుకొనవచ్చును. 1996లో పుట్టిన విగెట్‌గాని, 1998లో డేనియల్ స్టెన్‌బర్గు వెలువరించిన కర్ల్‌గాని, డిస్కుపైనున్న బైట్లను లెక్కించి తరువాతి భాగమును అడుగగలవు.

అయితే రెండు జాగ్రత్తలు వలయును. మూలము నడుమ మాఱియుండరాదు. తొలి సాధనము ఫైలును పలు ముక్కలుగా దింపియున్నచో లోపల ఖాళీలుండవచ్చును. మొత్తపు కొలతను మాత్రమే చూచు సాధనమునకు అవి కానరావు. ఎఱ్ఱన వచ్చువఱకు అరణ్యపర్వమువలె లోటు నిలిచియుండును. చెక్‌సమ్ అను సరిచూపు సంఖ్య కుదిరిన పిమ్మటనే పని ముగిసెనని నమ్ముడు.

ఆ రాత్రి ఈ సంగతి యెఱిగియున్నచో, నేను శేషమును మాత్రమే యడిగియుందును.