గడీల చీకటికొట్లు – వాని వెల



ఇంటిలో దొంగ చొరరాని గది యొకటి కట్టుకొనవలెనన్న నెంత వ్యయమగునని నేడు పలువురు లెక్క వేసికొనుచుందురు. సిమెంటు, ఇనుము, తలుపు, తాళము – ఇవి నేటి పద్దులు. నేను చెప్పదలచినది మన పోచంపల్లి, భువనగిరి ప్రాంతముల పూర్వపు లెక్క.

ఈ భయము నిన్న మొన్నటిది కాదు. రాజులకు భువనగిరి కొండ యుండెను. ఏకశిలయైన ఆ గుట్టపై కోట గట్టించినవాడు పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడని ప్రసిద్ధి. త్రిభువనగిరియే భువనగిరి యైనదందురు. ఊరి సంపన్నునకు కొండ యెక్కడిది? 1707లో ఔరంగజేబు గతించిన పిమ్మట మొగలుల పట్టు సడలెను. 1708లో సర్వాయి పాపన్న ఓరుగల్లుపై బడి దోచెను. మఱుసటి యేడు భువనగిరిపై బడెను. 1710లో పట్టువడి చంపబడెను. పాపన్న కథను మనవారు వీరగాథగా పాడుకొందురు. ఆ పాట షావుకారు చెవికి వేఱుగా వినబడి యుండును.

సామాన్యుడు తన సొత్తును తన రెక్కల కష్టముతోనే దాచుకొనెను. గోడలో చోరగూడు, నేలలో పాతర. ఈ పాతర సామాన్యమైన యుపాయము కాదు. ఎత్తైన గట్టి నేల చూచి గోతిని త్రవ్వి, ప్రక్కలకు గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైని మట్టితో పేడతో మూసి యలికిన, క్రింద ధాన్యమున్నదని పరులకు తెలియదు. తెఱచిన వెంటనే మాత్రము దిగరాదు. దీపమును త్రాటితో దింపి చూడవలెను. దీప మాఱిన లోనిది విషవాయువు. ఇది యెఱుగక దిగి ప్రాణములు గోల్పోయినవారు కలరు.

దేశముఖులకు పాతర చాలలేదు. నగలు, వెండి, పట్టాలు, అప్పు పత్రములు దాచుటకు గడి నడుమ కిటికీ లేని చీకటికొట్టు కావలసివచ్చెను. పలక పట్టించిన యలవాటు చేత నొక లెక్క వేసెదను. లోపల 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గది ననుకొందము. గోడ మందము అడుగున్నర యైనచో కట్టుబడి 720 ఘనపుటడుగులు. కన్నపుదొంగకు లొంగకుండ దానినే 3 అడుగులు చేసిన 1,620. తలుపు సందును లెక్కలో విడిచితిని. మందము రెట్టింపైన రాయి రెట్టింపునకు మించుచున్నది. ఇది చాలమందికి తోచదు. రాతి కట్టుబడి ఘనపుటడుగునకు ఇంచుమించు 65 కిలోలు తూగును గనుక మొత్తము 105 టన్నులు. జోడెడ్ల బండి టన్ను లాగినచో నదియే గొప్ప. ఒక్క కొట్టునకు నూఱు బండ్లకు మించిన తోలకము! ఇక సున్నపురాయి కాల్చుట, ఇసుకతో గలిపి రాతి గానుగలో నూఱుట, కరక్కాయ నీరు, బెల్లపు నీరు పోయుట, టేకు తలుపునకు ఇనుప పట్టీలు బిగించుట వేఱు.

ఈ నూఱు బండ్లకు కిరాయి యెవ రిచ్చిరి? గడి యున్న చోట వెట్టి యుండెను. వడ్డెర రాయి గొట్టెను, కమ్మరి శీలలు సాగగొట్టెను, రైతు బండి గట్టెను. కూలి యియ్యని పనికి దొర చిట్టాలో పద్దెట్లుండును? కాని రైతు చేనిలో నది కనబడెను. మృగశిరలో వాన పడిన మూడవనాడు నాగలి విడిచి దొర బండి తోలినవానికి ఆ యేటి జొన్న దక్కుట కష్టము. పదును తప్పిన విత్తనమునకు పరిహారము లేదు. నా మతమున కొట్టు యొక్క అసలు వెల యిదియే. సున్నము, టేకు దీని ముందు లెక్కలోనివి కావు.

ఇంత వెల పెట్టి కొన్న భద్రత యెంత కాలము నిలిచెను? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి దెబ్బకు దొడ్డి కొమరయ్య కూలెను. పిమ్మట నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో తిరుగుబాటు ప్రాకెను. పెక్కు గ్రామములలో రైతులు అప్పు పత్రములను తగులబెట్టిరి. పెక్కుమంది దేశముఖులు గడీలను విడిచి పట్నము చేరిరి. గోడలు మూడడుగులవే, యజమానులు మాత్రము వానిలో నిలువలేదు.

ఊరందఱికి నొకటే రక్షణస్థానమైన బురుజు సంగతియు చెప్పవలెను. భైరాన్‌పల్లి ప్రజలు తమ పాత బురుజునే యాశ్రయించి రజాకార్ల నెదిరించిరి. మొదటి దాడులను త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న నిజాము సైనికుల తోడ్పాటుతో వచ్చిన రజాకార్లు ఊరిని గైకొని పదుల కొలది జనులను చంపిరి. మూడు వారములకు, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయెను. బురుజును వారిని కాపాడినదని చెప్పజాలను. కాని యచట గోడకు లోపలివాడు, వెలుపలివాడు అను భేదము ఊరివారిలో లేకుండెను. నేడు సిద్దిపేట జిల్లాలో నున్న ఆ బురుజు ఇంకను నిలిచియే యున్నది.

పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న జరిగినది మీరెఱిగినదే. సాయుధ పోరాట మింకను ముగియని యేడది. నలువది దళిత కుటుంబములవారు వినోబాజీ నడిగినది 80 ఎకరములు. వెదిరె రామచంద్రారెడ్డి గారు జనము నడుమ లేచి 100 ఎకరము లిచ్చెదననిరి. కొట్టులో పెట్టి తాళము వేయుటకు వీలుగాని సొత్తు భూమి. దాని పట్టా కాగితమునకే కదా యన్ని గోడలు!

నేడు గడీలు పెక్కు శిథిలములైనవి. వాని దూలముల పొడవును, గోడల మందమును కొలిచి వ్రాయువారు కలరు. రాయి తోలినవారి దినములను లెక్కించి వ్రాసినవారు నాకు కనబడలేదు. మీలో నెవరి తాతయైనను అట్టి బండి తోలి యుండినచో, ఏ యూరి గడికి, ఏ కార్తెలో, ఎన్ని దినములు తోలెనో జ్ఞాపకమున్నంతవఱకు మనుమల చేత నోటుపుస్తకమున వ్రాయించుడు.