కొండను రాసినవారు, కొండకు పేరు పెట్టినవారు

చైనా లిపిలో కొండను మూడు శిఖరాలుగా గీస్తారు. ఆ లిపి తొలి ఆనవాళ్ళకు దాదాపు రెండు వేల ఏళ్ళ ముందే సుమేరు లేఖకులు తడి మట్టిపలకల మీద మూడు గుబ్బలు గీసి కొండ అన్నారు. దాన్ని ‘కుర్’ అని చదివేవారు. పరదేశమన్నా, పాతాళమన్నా వాళ్ళకు అదే మాట. కొండలే లేని ఆ నదీమైదానం వారికి కొండంటే పరాయి నేలే మరి.

ఆ పరాయి కొండల్లో పేరున్నది మగన్. నేటి ఒమాన్ ద్వీపకల్పమే అదని పండితుల నిర్ణయం. అక్కడి రాగి ఓడలెక్కి మెసపొటేమియా చేరేది. క్రీ.పూ. 2100 ప్రాంతంలో సుమేరులోని లగాష్ పాలకుడు గుడియా మగన్ కొండ నుంచి నల్లని డయొరైట్ శిల దించుకుని తన విగ్రహాలు చెక్కించి, ఆ సంగతి వాటి మీదే రాయించాడు. నేడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్న అలాంటి ఒక విగ్రహానికి తల లేదు. కూర్చున్న ఒడిలో మాత్రం గుడి నక్షా చెక్కుచెదరలేదు. ఇలా ఒమాన్ కొండ మొదట పైవాళ్ళ రాతలోనే అక్షరానికెక్కింది.

శతాబ్దాలు దొర్లాక మాటలకు లెక్క చెప్పే పని ఒక ఒమానీ చేతికి వచ్చింది. ఎనిమిదో శతాబ్దంలో ఒమాన్‌లో పుట్టి బస్రాలో స్థిరపడిన ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ అరబ్బీ ఛందశ్శాస్త్రానికి ఆద్యుడు, తొలి అరబ్బీ నిఘంటువుకు రూపశిల్పి. మన వర్ణమాలలాగే ఆయన క్రమమూ కంఠం దగ్గర మొదలై పెదవుల వైపు సాగుతుంది. అరబ్బీలో కొండ ‘జబల్’. మనిషి పుట్టుస్వభావం ‘జిబిల్లా’. రెంటికీ ధాతువు ఒకటే.

కొండవాసులకు మాత్రం నిఘంటువుతో పనిలేకపోయింది. నీరు దొరికి దానిమ్మ, గులాబీ పండిన చోటు జబల్ అఖ్దర్, పచ్చకొండ. సుమారు 3000 మీటర్లతో దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం జబల్ షమ్స్, సూర్యుడి కొండ. భూగర్భ జలాన్నీ ఊటలనూ వాలు వెంట ఊళ్ళకు నడిపించే ఫలజ్ కాలువలు తరతరాలుగా ఆ బతుకుకు ఆధారం. 2006లో యునెస్కో ఐదు ఫలజ్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రాగి కోసం, రాయి కోసం వచ్చినవారు కొండను పరదేశమని రాసుకున్నారు. నీళ్ళు పంచుకుని బతికినవారు దానికి పేరు పెట్టారు. కాలానికి నిలిచింది ఆ పేరే.