ఎండ, ఇనుము, ఒక లిబాస్

ఈద్‌కి ఇంటికొచ్చిన భాంజా ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. చీకట్లో ఒకమ్మాయి నిలబడి ఉంది. తొడుక్కున్న గౌను నుంచి ఎర్రటి లేజర్ కిరణాలు లేస్తున్నాయి, విచ్చుకుంటున్నాయి, వంగి బట్టకి పొదిగిన స్ఫటికాలకి తగిలి చెదిరిపోతున్నాయి.

"మామూజాన్, ఇది ఈ మధ్యే వచ్చిందా?"

నువ్వు పాలు తాగే రోజుల్లోది బేటా, అన్నాను. 2008 వేసవి కలెక్షన్, పేరు 'రీడింగ్స్'. ర్యాంప్ మీద నడిపించకుండా ఫిల్ముగా తీసి చూపించారు. పూర్వం మనుషులు సూరజ్‌ని పూజించడం, ఇప్పుడు సితారాలని పూజించడం, ఈ రెండింటి మీదా అల్లిన ఖయాల్ అది. లేజర్లు అమర్చింది మోరిట్జ్ వాల్డెమేయర్. డిజైనర్ హుస్సేన్ చలాయన్.

"హుస్సేనా? మనోడేనా?"

మనోడే అనుకోవాలంటే కొంచెం దూరం నడవాలి. ముందు బందర్ నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే వెలుతురుకి జవాబిచ్చే గుడ్డ లండన్‌లో పుట్టలేదు.

కలంకారీ అనే మాటే ఫార్సీ. కలం, కారీ. కుతుబ్‌షాహీల జమానాలో మచిలీపట్నం రేవు నుంచి ఈ గుడ్డ ఇరాన్‌కి వెళ్లేది. మెహ్రాబ్ గీసిన జానమాజ్‌లు, పలంగ్‌పోష్‌లు, పరదాలు. బందర్, పెడనల్లో ఎక్కువగా చెక్క అచ్చులతో అద్దుతారు. ఆ పని దగ్గరుండి చూసినవాళ్లకి ఒక తమాషా తెలుసు. నేత గుడ్డని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ ద్రవం పల్చగా ఉంటుంది, దాన్ని చూస్తే రంగు అనిపించదు. అచ్చు ముంచి గుడ్డ మీద నొక్కగానే కరక్కాయ వగరు, ఇనుము కలుసుకుని నలుపెక్కిపోతుంది. ఎరుపు ఇంకా మొండిది. పటిక నీళ్లతో అద్దిన చోట కంటికి దాదాపు ఏమీ కనపడదు. చిరివేరు వేసిన కాగులో ఉడికించాకే అక్కడ సుర్ఖ్ లేచి వస్తుంది. మిగతా చోట్ల అంటుకున్న మరకని ఎవరు తీస్తారు? ఎండే. పేడనీళ్లలో నానబెట్టి, కాలవ నీళ్లలో జాడించి, తడి ఆరనివ్వకుండా నీళ్లు చిలకరిస్తూ ధూప్‌లో పరుస్తారు. పటిక పట్టిన చోట రంగు నిలుస్తుంది, పట్టనిచోట సూరజ్ తినేస్తాడు. ఇది లైట్‌తో పనిచేసే టెక్నాలజీ కాకపోతే ఇంకేమిటో నాకు తెలీదు.

ఆ రంగుకి యూరప్ ఎంత దీవానా అయిందంటే, తమ నేతగాళ్లు గోల పెట్టాక 1721లో ఇంగ్లండ్ పార్లమెంటు అద్దకపు నూలు బట్టలు తొడుక్కోవడాన్నే చాలామటుకు నిషేధించింది.

మళ్లీ ఇనుమే ఇంకో చోట తేలింది. 1842లో జాన్ హెర్షెల్ అనే అంగ్రేజ్ సైన్సుదాన్ ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో పెడితే, నీళ్లలో కడిగాక నీలం మిగులుతుందని కనిపెట్టాడు. సయనోటైప్ అంటే అదే. మరుసటేడు నుంచి ఆనా అట్కిన్స్ అనే ఖాతూన్ సముద్రపు నాచుని ఆ కాగితాల మీద పరిచి, ఆ నీడలతో పుస్తకమే తెచ్చింది. తర్వాత ఇంజినీర్ల బ్లూప్రింట్ ఇందులోంచే వచ్చింది. కాగితానికి బదులు నూలు గుడ్డకి పూసినా ఇదే జరుగుతుంది. ఇంట్లో తెల్లగా ఉండి బయటికెళ్తే రంగు తేలే చొక్కాలు అమ్ముతున్నారే, వాటిలో ఇనుముండదు. ఎండ తగిలితే ఆకారం మార్చుకునే అణువులుంటాయి. కొన్నాళ్లకి అవి అలసిపోతాయి, రంగు తేలడం మానేస్తాయి.

ఇప్పుడు హుస్సేన్ దగ్గరికి. 1970లో సైప్రస్‌లోని నికోసియాలో, తుర్కీ మాట్లాడే ఖాందాన్‌లో పుట్టాడు. 1974 తర్వాత ఆ ద్వీపం రెండు ముక్కలైంది, ఆ షహర్ మధ్య నుంచే సరిహద్దు గీత పోయింది. కుర్రాడు లండన్‌లో పెరిగి 1993లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌లో చదువు పూర్తిచేశాడు. ఆఖరి పరీక్షకి చేసిన బట్టల్ని ఇనుప రజనుతో కలిపి దోస్త్ పెరట్లో దఫన్ చేశాడు. కొన్ని వారాలకి తవ్వి తీస్తే తుప్పే నక్షీ అయింది. మట్టే అచ్చు, తేమే కారీగర్. ఇది చదివినప్పుడు నాకు బందర్ ఇనుప కుండలే యాదికొచ్చాయి. ఆయనకి వాటి సంగతి తెలుసని అనడం లేదు. ఇనుము అన్ని చోట్లా ఒకే పని చేస్తుంది, అంతే.

జనం లేజర్ గౌను గురించే మాట్లాడతారు. 2007 శీతాకాలపు కలెక్షన్‌లో తెల్లటి గుడ్డ కింద పదిహేను వేల దాకా ఎల్‌ఈడీలు పెట్టి, ఒంటి మీదే మసక బొమ్మలు కదిలించాడు, దాని గురించీ మాట్లాడతారు. నాకు ఆ రెండింటి కన్నా 2000 నాటి 'ఆఫ్టర్ వర్డ్స్' గొప్పగా కనిపిస్తుంది. అందులో ఒక్క బల్బు లేదు. స్టేజీ మీద ఓ డ్రాయింగ్ రూమ్. అమ్మాయిలు వచ్చి కుర్చీల గిలాఫ్‌లు తీసి తొడుక్కుంటారు, కుర్చీలు మడిచి సూట్‌కేసులు చేస్తారు. ఆఖరికి ఒకమ్మాయి గుండ్రటి చెక్క టేబుల్ మధ్యలో నిలబడి దాన్ని నడుం దాకా లాగుతుంది, అది పరికిణీ అవుతుంది. కాసేపటికి గది ఖాళీ. రాత్రికి రాత్రి ఇల్లు వదిలి హిజ్రత్ చేసేవాళ్లు ఏం తీసుకెళ్లగలరు? ఒంటి మీదున్నది. ఆ సవాల్‌కి జవాబిచ్చిన బట్ట అది. లేజర్లు దాని తర్వాత సంగతి.

చలాయన్ పేరు పుస్తకాల్లోకెక్కింది. లేజర్లు బిగించిన ఇంజినీరు పేరూ ఎక్కింది, ఎక్కాల్సిందే. మరి లండన్ మ్యూజియంలో గాజు వెనక ఉన్న మా కోరమండల్ గుడ్డలు? కొన్నింటి వెనక ఈస్టిండియా కంపెనీ ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. పటిక ఎంత కలపాలో, ఏ ఎండలో ఎన్ని రోజులు పరచాలో తెలిసిన చేతుల పేరు ఒక్కటీ లేదు.

భాంజా ఇదంతా విని ఫోన్ పక్కన పెట్టాడు. "ఇప్పుడూ చేస్తున్నారా మామూ?" పెడనలో చేస్తున్నారు, రేపు ఫజర్ అయ్యాక తీసుకెళ్తాను అన్నాను. మబ్బు పట్టకపోతే.